ఐలమ్మ బోణీ

శామీర్‌పేట చెరువు కట్ట దిగి రోడ్డెక్కగానే నీలం టార్పాలిన్ కింద చేపలమ్మే ఆమె ఐలమ్మ. ఆమెతో బేరమాడి గెలిచినవాణ్ణి ఈ ఇరవై ఏళ్లలో నేనొక్కణ్ణి కూడా చూడలేదు. ఆదివారం కార్లలో దిగే పట్నం వాళ్లు రవ్వ చేప మొప్పలెత్తి చూసి "తాజాదేనా?" అని అడిగితే, "పొద్దుగాల నాతోని ముచ్చట వెట్టింది బిడ్డా, తాజాదే" అంటుంది. ఆమె ఎదురుగా రోడ్డుకు ఇవతల ఉన్న మందుల దుకాణం నాది. నా పేరు జానకిరామయ్య. ముందర సేటు అంటారు, వెనకాల నోటిదురుసు సేటు అంటారు. అననివ్వండి, అబద్ధమైతే కాదు కదా.

ఐలమ్మకు ఒక పట్టింపు ఉంది. బోణీ కాకముందు ఉద్దెర ఇవ్వదు, చిల్లర ఇవ్వదు, నవ్వుతూ మాట్లాడదు. మొదటి బేరం డబ్బు చేతిలో పడగానే కళ్లకద్దుకుని, తక్కెడకు తాకించి, కొంగున ముడేస్తుంది. రెండేళ్ల నుంచి ఆ ముడి అక్కడ ఆగడం లేదు. రోడ్డు దాటి వచ్చి, తడి చేతులతోనే ముడి విప్పి, నా గల్లాపెట్టె మీద పెడుతుంది.

"పిల్లది" అంటుంది. అంతే, వెళ్లిపోతుంది.

పిల్ల అంటే అశ్రిత, ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఐలమ్మ ఇంటి పక్క రేకుల గదిలో అద్దెకుండే సరళ, పరమేశ్‌ల కూతురు. వాళ్లది గౌడవెల్లి. పనికోసం ఇటు వచ్చారు. వచ్చిన ఏడాదికే పరమేశ్ ఒక కట్టడం మీద నుంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. సరళ విల్లాల తోటల్లో కూలికి పోయి ఇల్లు నెట్టుకొస్తోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ ఇంట్లో పిల్లకు షుగరు బయటపడింది. రోజుకు రెండుసార్లు సూది పడాల్సిందే, పడకపోతే పిల్ల దక్కదన్నారు.

ఆ సంగతి విన్న రోజు ఐలమ్మ వచ్చి నా దుకాణం మెట్ల మీద కూలబడింది.

"పిల్లలకు షుగరేంది సేటూ? అది ముసలోళ్ల బీమారు గాదా?"

కొందరు పిల్లలకు వస్తుందనీ, బిళ్లలతో పోదనీ, జన్మంతా ఇన్సులిన్ సూదేననీ చెప్పాను. ఆమె భర్త యాదగిరి పోయింది షుగరుతోనే. మొదట పాదం తీశారు, తర్వాత మోకాలిదాకా తీశారు, అయినా మనిషి మిగల్లేదు. ఐలమ్మ లేచి కొంగు దులుపుకుంది.

"ఇగ ఆ పిల్ల సూదిమందు నాది. నా బోణీ దానికే. తక్కువ వడ్డ నెల నన్నడుగు, తల్లినడగకు."

"ఆ పిల్ల నీకేమైతది?" అన్నాను. నా నోరలాంటిది.

"ఏం గాదు. అయితేనే వెట్టాల్నా?"

డబ్బిచ్చి ఊరుకునే మనిషి కాదామె. సూది పట్టుకుంటే సరళకు చేతులు వణుకుతాయి. అందుకని ఐలమ్మే నా దగ్గర నేర్చుకుంది. పూటపూటా చేతులు సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి కడుక్కుని, సీసాలోంచి మందును గీతకు సరిగ్గా తీసి, తనే వేసేది. సూది పొడిచేటప్పుడు అశ్రిత కళ్లు మూసుకుని చేపల పేర్లు చెప్పేది. రవ్వ, బొచ్చె, కొర్రమీను, బంగారుతీగ. నాలుగో పేరు వచ్చేసరికి సూది అయిపోయేది.

మొన్న ఏప్రిల్‌లో ఎండలు ఎన్నడూ లేనంతగా ముదిరాయి. వాళ్ల రేకుల గది పెనంలా కాలుతోంది. ఫ్రిజ్ లేదు. కొత్త సీసాలు నా ఫ్రిజ్‌లోనే ఉంటాయి గానీ, వాడుతున్న సీసా ఇంట్లో ఉండాలి కదా. ఐలమ్మ సీసా తీసుకోవడానికి వచ్చిన రోజు దుకాణంలో జనం, దానికి తోడు కరెంటు లేదు, నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఎండకు మందు ఖరాబైతది. సల్లగ ఉంచుండ్రి" అన్నాను.

"సల్లగ ఉంచుడు నాకు జెప్తవా?" అని నవ్వి వెళ్లింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం రోడ్డంతా వినబడేలా అరుచుకుంటూ వచ్చింది.

"ఏం సేటూ, సీసలల్ల నీళ్లు నింపి అమ్ముతున్నవా? నీ నోట్లె మన్నువడ! రెండు పూటలా సూది ఏస్తనే ఉన్నం. పిల్ల కడవలకొద్ది నీళ్లు తాగుతాంది, కక్కుతాంది. సోయి లేదు! సరళ ఆటోల ఏస్కొని పట్నం దవాఖానకు ఉరికింది!"

సీసాను నా ముందు విసిరినట్టు పెట్టింది. వెలుతురులోకి ఎత్తి చూశాను. లోపల మందు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా గాజుకు అంటుకుని ఉంది. ఎంత తిప్పినా కలవలేదు.

"ఏడ వెట్టినవ్ దీన్ని?"

"ఏడ వెడ్తరు? థర్మాకోల్ డబ్బ కొత్తది కొన్న. ఐసు కొట్టి, దొడ్డుప్పు సల్లి, నడుమ కూసోవెట్టిన. గట్టివడితె అరచేతుల రుద్ది కరగవెట్టి తీసిన. చేపలకు గూడ గంత మర్యాద జెయ్యలే నేను."

ఉప్పు చల్లిన ఐసు మామూలు ఐసుకన్నా చల్లబడుతుందని చేపలవాళ్లందరికీ తెలుసు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా దేనికీ పనికిరాదని నాకు తెలుసు. ఆ రెండు తెలివిడులూ రోడ్డుకు చెరోపక్కన ఉండిపోయాయి. అది చెప్పాల్సిన తీరు ఒకటుంటుంది. నేను మాత్రం తిట్లు పడ్డ కోపంలో, "మందును నువ్వే సంపినవ్ ఐలమ్మా" అన్నాను.

ఐలమ్మ తల దించుకుని రోడ్డు దాటింది. ఈ ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

చేపలు అలాగే వదిలేసి బస్సెక్కి దవాఖానకు పోయింది. అక్కడ జరిగింది చాలా రోజుల తర్వాత ఐలమ్మే నాకు చెప్పింది. పిల్ల పక్కన కూర్చున్న సరళ తలెత్తకుండానే, "ఇగ నా బిడ్డ మందు ముట్టకు పెద్దమ్మా" అందట.

ఎనిమిది రోజులు పిల్ల దవాఖానలో ఉంది. ఎనిమిది రోజులూ ఐలమ్మ బోణీ నా గల్లా మీదికి వచ్చింది. డబ్బు పెట్టి, "ఎట్లుందంట?" అని మాత్రం అడిగేది; పరమేశ్ ఫోన్లో చెప్పింది ఆమెకు చెప్పేవాణ్ణి. "పిల్లది" అనే మాట ఆమె నోట రాలేదు. అశ్రిత కోలుకుని ఇంటికి వచ్చాక గోడ మీంచి "అవ్వా" అని పిలిస్తే, లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుందట. అది విన్న రోజు దుకాణం పెందలాడే మూసేశాను. మందిచ్చేవాడు రెండు మాటలు చెప్పాలి. చల్లగా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. నేను మొదటిది చెప్పి రెండోది మింగాను. తప్పు నాది, మోసేది ఆమె.

మర్నాడు రెండు మట్టికుండలు, ఒక బస్తా ఇసుక ఆటోలో వేసుకుని సరళ ఇంటికి పోయాను. పెద్దకుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్నకుండ దించి, దాంట్లో సీసా ఎలా పెట్టాలో, పొద్దునా సాయంత్రం ఇసుక ఎలా తడపాలో చూపించాను. తర్వాత నా తప్పు ఒప్పుకున్నాను.

సరళ నన్ను నిలువునా చూసింది. "గీ మాట గా దినమే జెప్పొద్దా సేటూ? నేనన్న మాటకు ఆమె అన్నం గూడ సరిగ తింటలేదు."

తెల్లారి ఐలమ్మ ఇంకా చేపలు సర్దుకుంటుండగానే సరళ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి నిలబడింది. నేను షట్టర్ ఎత్తుతూ అలాగే ఆగిపోయాను.

"అర్ధకిలో రవ్వ ఇయ్యి పెద్దమ్మా."

"ఊకెనే తీస్కపో బిడ్డా" అంది ఐలమ్మ, తల వంచుకునే.

"ఊకె వద్దు. బోణీ జెయ్యనీకి వచ్చిన."

సరళ నోటు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఐలమ్మ చెయ్యి ముడుచుకోలేదు. అశ్రిత ముందుకొచ్చి ఆమె వేళ్లను ఒక్కొక్కటే మూసింది.

"జల్దీ రా అవ్వా సాయంత్రం. అమ్మ తీస్తే సూదిల బుడగలొస్తున్నయ్."

ఐలమ్మ దిగ్గున తలెత్తింది. "బుడగలొస్తే గోటితోని కొట్టాలని నీకెన్నిమాట్ల జెప్పిన్నే సరళా!" అని రోడ్డు అదిరేలా అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది. సరళ కూడా ఏడ్చింది. నా సంగతి అడక్కండి.

ఐలమ్మ నోటును కళ్లకద్దుకుంది. చాలాసేపు చెయ్యి దించలేదు. తర్వాత తక్కెడకు తాకించి, రోడ్డు దాటి వచ్చి, తడిసిన నోటును నా గల్లా మీద పెట్టింది.

"పిల్లది" అంది.