‘బాగున్నారు’ అన్న ఒక్క మాట: పెద్ద జ్వరం వచ్చిన ఏడు నా అనుభవం

ఆ రోజు హుమ్మలో ఉప్పు నిలవచేసే కొటారు దగ్గర బస్తాలు తూయిస్తున్నాను. ఎండ చురుక్కుమంటోంది, నాకు మాత్రం ఒళ్ళంతా చలి. నడుము ఎవరో కర్రతో కొట్టినట్టుంది. కళ్ళు తిప్పితే నొప్పి. పని మధ్యలో ఆపి ఇంటికి వచ్చేశాను. గుమాస్తాగిరీలో చేరాక అలా రావడం అదే మొదలు. నా భార్య సుందరమ్మ నుదురు పట్టి చూసి చాప పరిచింది. అప్పుడామెకి ఐదో నెల.

మర్నాటికి ఆమెకీ జ్వరం కాసింది. అప్పటికే మా వరసలో రెండిళ్ళకి తాళాలు పడ్డాయి. ఇక ఆలోచించకుండా రంభలో రైలెక్కి బరంపురం చేరాం. ఆసుపత్రి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. డాక్టరుగారు నిలబడే నా చెయ్యి పట్టుకు చూశారు.

“ఇన్‌ఫ్లుయెంజా. ఇద్దరికీ అదే. బెడ్ లేదు. హైస్కూలుకి వెళ్ళండి, అక్కడ స్టూడెంట్స్ వార్డు పెట్టారు.”

స్టూడెంట్లు వార్డు పెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. జట్కావాడు దారిలో అన్నాడు: “ఆ బళ్ళోకి ఎల్లినోళ్ళు తిరిగి రావడం నేను సూళ్ళేదు బాబూ.”

తరువాత తెలిసిన సంగతి ఇక్కడే చెబుతాను. మద్రాసులో వైద్యం చదివే మన గంజాం పిల్లలు, జ్వరానికి తరగతులు మూసేస్తే ఇళ్ళకి వచ్చి ఒక సంఘంగా కూడారు. మూతపడిన స్కూలును ఇమ్మని మునిసిపాలిటీ పెద్దల ఇళ్ళ చుట్టూ తిరిగి, ఒప్పించి, బెంచీలు జతచేసి మంచాలు కట్టారు. వాళ్ళలో ఇద్దరు పళ్ళ వైద్యం నేర్చుకుంటున్నవాళ్ళు. జ్వరాలకి పళ్ళవాళ్ళు ఎందుకని డాక్టరుగారు అడ్డుచెబితే, అందరం చేస్తాం, లేకపోతే ఎవరం చెయ్యమని మిగతావాళ్ళు పట్టుబట్టారట.

ఆనాడు నాకు కనబడినది మాత్రం మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు. డబ్బు తీసుకోకుండా ఎందుకు చేస్తున్నారు? వీళ్ళకి ఏం లాభం? పరీక్షలకి మా ఒంటి మీద చదువుకుంటున్నారని తేల్చుకున్నాను.

ఆడవాళ్ళ గది పెరటికి అటు పక్క. విడిపోయేముందు సుందరమ్మ నా చెవిలో అంది: “మందు ఏటిచ్చినా, ఏటో అడిగి తాగండి.”

నన్ను చూసే కుర్రాడి పేరు సూర్యం, ఇచ్ఛాపురం వైపువాడు. చిన్న పుల్లకి గుడ్డ చుట్టి, ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని వచ్చాడు. నువ్వేం చదువుతున్నావని అడిగాను. పళ్ళ వైద్యమన్నాడు. నోరు గట్టిగా మూసేశాను.

“పీకడానికి కాదండి,” అన్నాడు. “ఈ జ్వరంలో నోరు ఎండిపోయి పుండ్లు పడతన్నాయి. నోరు పుండైతే గంజి దిగదు.”

“నా మీద నేర్చుకుంటున్నావా?”

పుల్ల చివర గుడ్డ సరిచేసుకున్నాడు. “కొంత నేర్చుకుంటన్నాను. లేదని ఎలా సెప్పను?”

ఆ జవాబుతో నా అనుమానం పెరిగింది, తగ్గలేదు. అయినా నోరు తెరిచాను. మంట భరించలేకుండా ఉంది. కడిగాక మాత్రం నాలుక మెదిలింది.

మొదటిరోజే అడిగాను, నా భార్య ఎలా ఉందని. “బాగున్నారు,” అన్నాడు. మర్నాడు వేరే కుర్రాణ్ణి అడిగాను. “బాగున్నారు.” స్కూలు కాపలావాడు ఒడియావాడు. అతన్ని అడిగితే తల తిప్పుకుని “భలొ అఛంతి బాబూ,” అన్నాడు. అదీ ఆ మాటే, వాళ్ళ భాషలో. అందరూ అంత తొందరగా, అంత ఒకేలా ఎలా చెబుతున్నారు?

సూర్యాన్ని పరీక్షించాలనుకున్నాను. “ఆమె ఏమంది? ఆమె అన్న మాటే చెప్పు,” అన్నాను.

“గంజి తాగేరటండి. దయచేసి మిమ్మల్ని కూడా వేళకి తాగమన్నారు.”

పెళ్ళయినప్పటినుంచి సుందరమ్మ నాతో ‘దయచేసి’ అనలేదు. ఆమె అయితే “ఇంకా తాగలేదేటి?” అని కసురుతుంది. ఈ మాట కల్పించినది. కల్పించవలసి వచ్చిందంటే ఆమె లేదు.

అప్పటినుంచి కుర్రాళ్ళ కదలిక ప్రతిదీ కనిపెడుతూ పడుకున్నాను. వరండాలో గుసగుసలు, నేను చూస్తే ఆగిపోయేవి. పెరటి గుమ్మానికి ఒక బండి వచ్చి, చాపలో చుట్టినదేదో ఎక్కించుకుని పోయింది. గంజి ఇస్తే మొహం తిప్పుకున్నాను.

జ్వరం దిగింది. డాక్టరుగారు చూసి, “టెంపరేచర్ నార్మల్. కానీ పల్స్ వీక్, హార్ట్ అలిసిపోయి ఉంది. లేవకూడదు,” అన్నారు. నన్ను అటు వెళ్ళనీయకుండా ఆయన కూడా వీళ్ళతో కలిశారనుకున్నాను.

కుర్రాళ్ళు మధ్యాహ్నం భోజనాలకి కూచున్నప్పుడు లేచాను. గోడ పట్టుకుని వరండా దిగాను. పెరడు సగం దాటానో లేదో, నేల పైకి వచ్చినట్టయింది. తరువాత నాకు తెలివి వచ్చేసరికి ఊపిరి పీలిస్తే డొక్కలో కత్తి దిగుతోంది. దగ్గితే తుప్పురంగు కఫం.

“నిమోనియా,” అన్నారు డాక్టరుగారు. “రెండు లంగ్సూ పట్టాయి. ఎవరు లేవనిచ్చారు ఇతన్ని?”

సూర్యం తలొంచుకుని నిలబడ్డాడు. ఆ తరువాత ఛాతీకి అవిసెగింజల పట్టు వేడివేడిగా మార్చిమార్చి వేసింది అతనే. నేను కళ్ళు మూసుకుని ఉండగా మంచం పక్కనే ఇద్దరు మాట్లాడుకున్నారు.

“సెప్పేద్దాం.”

“ఇప్పుడా? పేణం మీదకి వస్తాది.”

ఇక సందేహం ఏముంది? సూర్యం గిన్నె పట్టుకుని వచ్చాక అడిగాను, “ఎప్పుడు పోయింది?”

“ఎవరండి?”

“నా పెళ్ళాం.”

అతని మొహం పాలిపోయింది. “పోలేదండి. ఒట్టు.”

“నీ మాట నమ్మను. మీ ఎవరి మాటా నమ్మను. నాకు గంజీ వద్దు, మందూ వద్దు.”

గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయాడు. వరండాలో మిగతావాళ్ళతో వాదన వినబడింది. రోగిని కదపకూడదని ఒకరు, డాక్టరుగారు తిడతారని ఒకరు. “తిడితే నన్ను తిట్టనీ,” అన్నది సూర్యం గొంతు. కొంతసేపటికి నలుగురు కుర్రాళ్ళు ఒక బెంచీ మోసుకుని లోపలికి వచ్చారు. పక్కన పోలమ్మ నడుస్తోంది. పొడంపేటలో చేపలమ్ముకునే మనిషి, జ్వరం నుంచి లేచి ఆడవాళ్ళ గదిలో సాయం చేస్తోంది. బెంచీ మీద సుందరమ్మ.

ఎముకల పోగులా ఉంది. దుప్పటి కింద పొట్ట చదునుగా ఉంది. నేను చూడటం ఆమె చూసింది.

“బిడ్డ దక్కలేదు,” అంది. “మీకు సెప్పొద్దని నేనే అన్నాను. మీరు తట్టుకోలేరని.”

దుప్పటి పైకి లాక్కుని మళ్ళీ అంది: “మీరు పోయేరనుకున్నాను. అడిగినప్పుడల్లా బాగున్నారు, బాగున్నారు. అందరూ ఒకే మాటంటే ఎలా నమ్మేది? ఈ పోలమ్మ జుట్టు పట్టుకుని అడిగేను.”

“నిజిమే బాబూ, పట్టుకుంది,” అంది పోలమ్మ.

సుందరమ్మ కింద ఉన్న గిన్నె చూసింది. “అది తాగలేదేటి? ఎవరి కోసం ఉంచేరు?”

తాగాను. ఆమె పూర్తయ్యేదాకా చూసి, అప్పుడు తనని తీసుకెళ్ళమంది.

మేం లేచి తిరిగేవేళకి స్కూలు వెనక్కి ఇచ్చెయ్యాలని మునిసిపాలిటీలో మాట వచ్చింది. కుర్రాళ్ళు మనుషుల మీద ప్రయోగాలు చేస్తున్నారని ఊళ్ళో పుకారు. సంఘంవాళ్ళు నన్ను మునిసిపాలిటీ ఆఫీసుకి వచ్చి మాట్లాడమన్నారు. వెళ్ళాను. గుమ్మం దగ్గర పోలీసు జవాను ఒకడు ఎవరేమంటున్నారో వింటూ నిలబడ్డాడు. నేను అన్నది ఇంతే: “ఈ పుకారు నేనూ నమ్మాను. నా భార్య సంగతి వీళ్ళు నా దగ్గర దాచారు, అది తప్పు. కానీ నా నోరు కడిగి గంజి పోసినవాళ్ళు వీళ్ళే. ఊళ్ళో జ్వరం పోయేదాకా ఆ గదులు వీళ్ళ దగ్గర్నుంచి తీసుకోకండి.” ఛైర్మనుగారు గొణిగారు గాని, ఒప్పుకున్నారు.

వార్డులో పనిచేసిన కాలాన్ని చదువులో కలపమని సంఘం మద్రాసుకి విన్నపాలు పెట్టింది. వైద్యం పిల్లలకి కలిపారు. పళ్ళవాళ్ళిద్దరికీ కుదరదన్నారు. సూర్యానికి ఆ ఏడు పోయింది. ఎందుకు కలపలేదో ఇప్పటికీ ఎవరూ సరిగా చెప్పలేదు. ఆలస్యంగానైనా చదువు ముగించి, ఇప్పుడు బరంపురంలోనే ఉన్నాడు.

మా సంగతి: నాకు చలికాలంలో ఆయాసం వస్తుంది, బస్తాల దగ్గర ఎక్కువసేపు నిలబడలేను. సుందరమ్మకి జ్వరంలో రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది. తరువాత ఒక ఆడపిల్ల పుట్టింది. పోయిన బిడ్డ గురించి మేమిద్దరం తక్కువే మాట్లాడుకుంటాం.

రోగి దగ్గర కూచునే మీకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. తనవాళ్ళెలా ఉన్నారని అతను అడిగితే, ఊరికే బాగున్నారనకండి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు ఏమన్నారో అదే మాట, తిట్టయినా సరే, మార్చకుండా తెచ్చి చెప్పండి.