కొమ్ముల్లేని పిల్లి

మొన్న మనవరాలు తన పిల్లికి కన్ను బాగాలేదని క్లినిక్కుకు తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకుంది. డాక్టరమ్మ చూసి "మూడో రెప్ప పైకొచ్చింది" అంది. పిల్లికి మూడో రెప్పేమిటని మనవరాలు నోరు తెరిచింది. నేను మాత్రం పకపకా నవ్వాను. నాకు తెలిసిన పశువైద్యమంతా చిన్నప్పుడు ఒక్క ఆదివారం నేర్చుకున్నదే మరి.

నిజాం జమానా పోయిన కొత్తలో మేం కోదాడలో ఉండేవాళ్లం. మా చిన్నాయన సూర్యాపేటలో పశువుల దవాఖాన కంపౌండరు. ఆదివారం ఇంటికొస్తే ఆయన చొక్కా నుంచి ఫినాయిలూ పచ్చిగడ్డీ కలిసిన వాసన వచ్చేది. ఆ వాసనంటే నాకు చచ్చేంత ఇష్టం. ఆ వారం మా పిల్లి కళ్ల మీదికి సగం దాకా తెల్లటి పొర వచ్చింది. తిండి ముట్టదు, గాదె కింద ముడుచుకుని పడుకుంటుంది. అది గుడ్డిదైపోయిందని మా నాయనమ్మ తేల్చేసింది. చిన్నాయన గడప దాటీ దాటగానే చేతిలో గోనెసంచి పెట్టి, "గుడ్డిపిల్లి ఎలుకల్నేం పడ్తదిరా? పక్కనున్న చిలుకూరు కాడ ఇడిసిపెట్టి రాపో" అంది. తొమ్మిదేళ్ల దాన్ని, నాకు ఏడుపు ఆగలేదు.

చిన్నాయనకు ఒక అలవాటుండేది. పశువును ముట్టుకున్నాడంటే ముట్టె నుంచి తోక దాకా చూడాల్సిందే, చూసిందల్లా పైకి చెప్పాల్సిందే, పక్కనున్నవాళ్లు రిజిస్టరులో రాయాల్సిందే. పిల్లిని ఒళ్లో పెట్టుకోగానే ఆ అలవాటు పైకి లేచింది. "పలక తే బిడ్డా, రాయి" అన్నాడు. రాశాను. ముట్టె, పొడిగున్నది. చెవులు, ఎచ్చగున్నయి. కొమ్ములు, లేవు. గంగడోలు, లేదు.

"నెమరేస్తున్నదా?" అని నాయనమ్మను గంభీరంగా అడిగాడు.

"పిల్లి నెమరేసుడేందిరా!" అంటూ నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. "నెమరు, లేదు" అని రాయించాడు. అప్పుడు కన్ను విప్పి చూశాడు.

"ఇది గుడ్డి గాదమ్మా. లోపలి రెప్ప, మూడోది. బర్రెకు గూడ ఉంటది. పాణం బాగలేకుంటే పైకొస్తది, కుదుటపడ్తే దిగుతది."

"అయితే వచ్చే ఐతారం దాక సూస్త" అని నాయనమ్మ సంచిని కొయ్యకు తగిలించింది.

వారమంతా నేను బడి నుంచి పరుగున వచ్చి మేకపాలు పట్టేదాన్ని. శనివారానికి పొర పూర్తిగా దిగింది. పిల్లి నన్ను చూసి అరిచింది. ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను. ఆదివారం చిన్నాయన సంచి తీస్తే అడుగున నా పిడికిలి పట్టేంత బొక్క. ఎలుకలు కొరికాయి. నాయనమ్మ ఆ బొక్కను చూసింది, పిల్లిని చూసింది.

"వారం దినాలు ఇది పండుకుంటేనే సంచి ఖతమయింది. పంపిస్తే ఇగ వడ్లు మిగుల్తయా? ఉండనియ్యిరా" అంది, అదేదో తనకు ముందే తెలిసినట్టు.

పలక ఎప్పుడో పగిలిపోయింది. చిన్నాయన ముఖం కూడా కొంచెం కొంచెంగా మసకబారుతోంది. కానీ పిల్లి తల నిమిరి "కొమ్ములు, లేవు" అని ఆయన చెప్పిన ఆ గొంతును మాత్రం ఇన్నేళ్లయినా కాలం ముట్టుకోలేకపోయింది.