టాపు లేని కారులో పక్క సీటు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ పొద్దు కూడా నమ్మడం లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కడదాకా చదివితే మీరు నన్ను ఏ జాబితాలో వేస్తారో నాకు తెలుసు. నా బాధ అది కాదు. ఈ సంగతిలో నేను భయపడింది తక్కువ, సిగ్గుపడింది ఎక్కువ. అందుకే ఇన్నేళ్లు రాయలేదు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేసేవాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇక్కడి చీరలు ఆదోని అంగళ్లకు వేసే వ్యాపారంలో దిగాను. బడి ఆగింది గానీ చదువు ఆగలేదు. లైబ్రరీ తలుపు తెరిచేసరికి మెట్ల మీద ఉండేవాణ్ణి. ఖగోళశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మోటారు ఇంజన్లు, ఏది దొరికితే అది చదివాను. సాయంత్రం లైబ్రరీ వరండాలో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే చాలు, కన్ను ఎట్లా మోసపోతుందో, భయం మనసును ఎట్లా ఆడిస్తుందో విడమరిచి చెప్పేవాణ్ణి. వెనకాల నన్ను ‘లైబ్రరీ శాస్త్రులు’ అని నవ్వుకునేవాళ్లు. నాకది బిరుదులాగే ఉండేది.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో ఆదోనిలో ఒక కారు అమ్మకానికి వచ్చిందని తెలిసింది. పత్తి వ్యాపారం చేసే ఖాదర్ సాబు ఎప్పుడో బొంబాయి నుంచి తెప్పించుకున్న విలాయతీ కారు. ముదురాకుపచ్చ రంగు. నేలకు ఆనుకున్నట్టు కిందికి ఉండేది. ఇద్దరికే చోటు. దాని ఇనుప టాపుకు బోల్టులు విప్పి, ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే మూత తీసినట్టు లేచి వచ్చేది. అట్లాంటి కార్ల బొమ్మలు లైబ్రరీలో పాత పత్రికల్లో చూసి ఉన్నాను. కళ్లెదుట చూడటం అదే మొదలు. సాబుకు చూపు మందగించింది, ఇక తోలలేడు. చీరల వ్యాపారం చేసేవాడికి అట్లాంటి కారు ఎందుకని మా ఇంట్లో అడిగారు. కొన్నాను.

మాట ఖాయమైన రోజు సాబు ఇంటి వసారాలో టీ తాగుతున్నాము. లోపలి తలుపుకు పరదా వేలాడుతోంది. దాని వెనక నుంచి ఎవరో మెల్లగా ఏదో అన్నారు. సాబు అటు చెవి పెట్టి విని నాకు చెప్పాడు.

“మా ఇంట్లో ఆమె అడుగుతాందప్పా. టాపు తీసి తోల్తావా, పెట్టుకొని తోల్తావా అని.”

“ఎప్పుడూ తీసే తోల్తానమ్మా” అని నేను పరదా వైపు చూసి గర్వంగా చెప్పాను. వాళ్లకు ఇష్టమైన వస్తువు తీసుకుపోతున్నానని కొంచెం మొహమాటం కలిగింది. మా వైపు ఆవును కొన్నా, గడియారం కొన్నా అమ్మినవాళ్లతో ఒక మంచి మాట అని లేవడం మర్యాద. ఆ మర్యాదకే అన్నాను: “కారు మీదే అనుకోండమ్మా. మీకు ఎప్పుడు కావాలన్నా వచ్చి కూర్చోండి.”

నేను తాళం తీసుకొని వచ్చేశాను.

టాపును పెరట్లో కట్టెల మోపుల మీద కప్పాము. దాని కింద కోళ్లు చేరాయి. నేను టాపు లేకుండానే ఎమ్మిగనూరు, ఆదోని మధ్య తిరగసాగాను. రోడ్డు మీద ఒంటరిగా పోయేటప్పుడు గట్టిగా మాట్లాడుకునే అలవాటు అప్పుడే పట్టుకుంది. వేదిక మీద ఉపన్యాసం ఇస్తున్నట్టు సైన్సు గురించి, దేశం గురించి, నా సంసారం గురించి మాట్లాడేవాణ్ణి. గాలికి ఆ మాట నాకే సరిగా వినపడేది కాదు.

నా భార్య నరసమ్మ మాత్రం ఒక్కసారీ ఆ కారు ఎక్కలేదు. తెచ్చిన వారంలోనే “నేను కూర్చునేదా?” అని అడిగింది. దుమ్ము కొడుతుంది, జుట్టు రేగుతుంది, ఊరోళ్లు నవ్వుతారు అని చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు.

మొదటి వింత ఆదోనిలో ఒక సోడా అంగడి దగ్గర జరిగింది. నేను కారు ఆపి సోడా అడిగితే ఆ ముసలాయన రెండు కొట్టి తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, రెండోది తల ఇంకో వైపు తిప్పుకొని పక్క సీటు వైపు చాపాడు. ఆ ఊళ్లో పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు బండిలోనో కారులోనో పోతుంటే మగవాళ్లు అట్లాగే మొహం తిప్పుకుంటారు. అది వాళ్ల మర్యాద. ముసలాయన ఎగతాళి చేస్తున్నాడనుకొని “ఎవరికి పెద్దాయనా?” అన్నాను. ఆయన నా వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకొని లోపలికి పోయాడు. కంటి శుక్లాలు అని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత రైల్వే గేటు దగ్గర. గేటు పడి ఉంది, ఎండ చురుక్కుమంటోంది. బురఖాలు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్లు నడిచిపోతూ కారు దగ్గర ఆగారు. అందులో పెద్దామె ఖాళీ సీటుకు సలాం చేసి, ఉర్దూలో ఏదో అడిగి, నవ్వి, జవాబు విన్నట్టు తలూపి పోయింది. నాకు ఉర్దూ అంతంత మాత్రం. ‘ఇన్నాళ్లకు’ అన్న మాట ఒకటి అర్థమైంది. ఎండమావుల గురించి చదివిందంతా ఆ పూట గుర్తు తెచ్చుకున్నాను. ఎండమావికి ఎవరూ సలాం చేయరు.

ఆ తర్వాత నేనే గమనించడం మొదలుపెట్టాను. ఆదోని బజారులో పత్తి బండ్లవాళ్లు నా కారు ఎదురైతే మొహాలు తిప్పుకుంటున్నారు. అందరూ కాదు, ఏ నలుగురిలోనో ఒకరు. నేను ఎన్నిసార్లు పక్కకు చూసినా సీటు రెక్సిను తప్ప ఏమీ కనిపించలేదు.

ఈ సంగతి మా ఇంటికి ఇంకో రూపంలో చేరింది. నా బావమరిది ఈరన్న ఆదోనిలో నన్ను దూరం నుంచి చూసి, వచ్చి అక్కతో చెప్పాడు. “బావ యెవరో ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకొని తిరుగుతాండాడు.” వాడు కిట్టక చెప్పే రకం కాదు. నరసమ్మ ఆ రాత్రి నాకు అన్నం పెట్టి ఇవతలికి వచ్చి కూర్చుంది. తెల్లారి ఆస్పరిలో పుట్టింటికి పోతానని బట్టలు మూట కట్టింది. పోతే తిరిగి రాదని ఆ మూట చూస్తేనే తెలుస్తోంది.

నాకు రోషం వచ్చింది. కారు ఇంటి ముందు పెట్టి, ఈరన్నను పిలిపించి, “ఎక్కి కూర్చో. నాతో ఆదోనికి రా. ఆమె ఎవరో నువ్వే చూపించు” అన్నాను. పట్టపగలు. నరసమ్మ గడపలో నిలబడి ఉంది. వాడు సీటు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తల వంచుకున్నాడు.

“ఎట్ల కూర్చునేది బావా? ముందు ఆమెను దిగమను.”

“యాడ ఉందిరా?” అన్నాను.

“ఇంత దగ్గర పెట్టుకొని నన్ను అడుగుతావేమి?” అని వాడు వెనక్కి నడిచి మొహం కడుక్కోవడానికి పోయాడు.

నరసమ్మ కారులోకి చాలాసేపు చూసింది. “నాకేమీ కనపడలే” అంది. “కానీ ఈరన్న అబద్ధం చెప్పడు. నువ్వు చెప్తావు.”

వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా బయటికి వచ్చి చూస్తున్నారు. వాళ్లకంతా లైబ్రరీ శాస్త్రులు చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

ఆస్పరికి పోయే ముందు ఒక్కసారి నాతో సాబు ఇంటికి రమ్మని బతిమాలాను. ఆ కారులో ఏదో ఉంటే అమ్మినాయనకే తెలియాలి కదా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తల కొట్టేసినట్టయింది. జీవితమంతా ఎవరిని వెక్కిరించానో వాళ్ల మాటే నా నోట్లోంచి వస్తోంది. ఆమె కారు ఎక్కనంది. ఇద్దరం బస్సులో పోయాము.

సాబు వసారాలో ఎవరో పెద్దమనుషులు కూర్చొని ఉన్నారు. వాళ్లు లేచేదాకా ఆగాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. “మీ ఇంట్లో ఆడవాళ్లెవరన్నా ఆ కారులో చచ్చిపోయినారా సాబూ?” అని అందరి ముందర అడిగాను.

ఆయన కోప్పడలేదు. వచ్చినవాళ్లను మెల్లగా పంపించి, నన్ను కూర్చోమన్నాడు.

“సచ్చిపోయినోళ్లు ఎవురూ లేరప్పా. ఈ ఇంట్లో ఆడమనిషి మా ఆమె ఒకతే. ఆమె ఆ కారు ఎప్పుడూ ఎక్కలేదు. టాపు బిగించి, పరదాలు కట్టి ఎక్కమంటే డబ్బాలో నేను కూర్చోను అనె. టాపు తీసి ఒక్కసారి ఉరుకుంద రోడ్డులో తిప్పు, గాలి సూస్తా అనె. నలుగురూ ఏమంటారోనని నేను రేపు, రేపు అంటా వచ్చినా. ఆమె నడుము పడిపోయి మంచం ఎక్కింది. ఇంగ యాడ?”

లోపలి నుంచి పిలుపు వచ్చింది. నరసమ్మను రమ్మన్నారు. ఆమె పరదా తొలగించుకొని లోపలికి పోయింది. సాబూ నేనూ బయట ఉండిపోయాము. మంచం పరదాకు దగ్గరలోనే ఉన్నట్టుంది, మాటలు వినపడుతున్నాయి. ముసలి గొంతు, మెల్లగా, తెలుగులోనే.

“నీ మొగునితో తగువు పెట్టుకోవద్దమ్మా. కూర్చోమని ఆయనే సెప్పినాడు. నాకు పొద్దుపోదు. కండ్లు మూసుకుంటే గాలి తగుల్తాది, అంతే. నిన్ను ఎందుకు ఎక్కించుకోలేదో కూడా సెప్పినాడు. అది నిజం గాదులే. నువ్వు బాగుండావు.”

“ఏం చెప్పినాడమ్మా?” అని నరసమ్మ అడిగింది.

ముసలామె చెప్పింది. రంగు పట్టిన చేతులు, పగిలిన మడమలు పెట్టుకొని ఆ సీట్లో కూర్చుంటే కారుకే నామోషీ అని చెప్పినానట.

అవి నా మాటలే. ఎదురుగా ఒక్క బండి కూడా రాని చోట, చుట్టూ జొన్న చేలు తప్ప ఏమీ లేని రోడ్డు మీద, ఖాళీ సీటు పక్కన కూర్చొని, ఉపన్యాసం ధోరణిలో అన్న మాటలు. ఇంకెవరితోనూ అనలేదు. అనుకోవడానికి కూడా నాకు మళ్లీ ధైర్యం చాలలేదు. సాబు నా వైపు చూడకుండా తన చేతికర్రను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన చూసి ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

బస్సులో నరసమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చేతులు కొంగు కింద పెట్టుకుంది. ఆ చేతులకు పట్టిన రంగు నేను అమ్మే చీరల నూలుదే. ఏదో ఒకటి అనాలని, “రేపు నిన్ను ఉరుకుందకు తీసుకుపోతా, కారులో” అన్నాను.

“నాకొద్దు” అంది. “ఆమెకు ఆశ ఉంది. ఆమెను తిప్పుకొని రా. నోరు మూసుకొని తిప్పు.”

ఆమె ఆస్పరికి పోలేదు. కాపురం నిలబడింది. మునుపటిలా నిలబడిందని మాత్రం చెప్పను.

తర్వాత దీని కోసం చాలా చదివాను. ఒకరి తలపు ఇంకొకరికి చేరడం గురించి, నలుగురు ఒకే భ్రమకు లోనుకావడం గురించి. సోడా ముసలాయనకూ, రైలు గేటు దగ్గరి ఆమెకూ, ఈరన్నకూ ఒకరి మొహం ఒకరికి తెలియదు. నేను రోడ్డు మీద అన్న మాట మంచం పట్టిన మనిషికి ఎట్లా చేరిందో చెప్పే పుస్తకం ఏదీ నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆమె అప్పుడు బతికే ఉంది కాబట్టి దయ్యం అనడానికి కూడా వీల్లేదు.

సాబు ఇంటి నుంచి బస్సులో వచ్చిన మరుసటి రోజు పొద్దున్నే కారు తీశాను. సాబు ఇంటి ముందు ఆపి, కాసేపు ఆగి, ఉరుకుంద రోడ్డు పట్టాను. మెల్లగా తోలాను, గాలి బాగా తగిలే చోట మాత్రం కొంచెం వేగం పెంచాను. పోయి వచ్చేదాకా నోరు తెరవలేదు. పక్క సీటు వైపు తల తిప్పలేదు. తిప్పితే అక్కడ ఏమీ కనపడదని నాకు బాగా తెలుసు. అయినా చూడలేకపోయాను.