రుద్దితే పోయిన కొంగ

పాత పింగాణీ సామాను అమ్మే ఆయన్ని బంధువులంతా బోర్లింపు మామయ్య అంటారు. ఎవరింటికి వెళ్లినా ముందు కప్పు ఎత్తి, అడుగున ఏ కంపెనీ ముద్ర ఉందో చూస్తాడు. ఒకసారి వియ్యాలవారింట్లో అలా ఎత్తి టీ అంతా ఒళ్లో పోసుకున్నాడు.

"మీ తమ్ముడు ఏదో ఒకరోజు నన్నూ బోర్లించి చూస్తాడే" అనేవాడు బావ, అక్కతో.

"చూడక్కర్లేదు బావా, నకిలీ అని మొహం మీదే తెలుస్తోంది" అనేవాడు ఇతను.

బావ పోయిన కొన్నాళ్లకు అక్క అలమారలోంచి తెల్ల జగ్గు తీసి తమ్ముడి ముందు పెట్టింది. పెళ్లయిన కొత్తలో, ఎక్కడెక్కడో వెతికి కొంగ ముద్ర కంపెనీది, అసలుదే తెచ్చానని బావ ఆమెకిచ్చిన జగ్గు అది.

"అమ్మడానికి కాదురా. ఊరికే చూసి చెప్పు."

అడుగున నీలం రంగు కొంగ ముద్ర ఉంది. అతను తడిగుడ్డకు గిన్నెలు తోమే పొడి అద్ది రుద్దాడు. అసలు ముద్ర మెరుగుపూత కింద ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. నకిలీవాళ్లు పూత మీద వేస్తారు. ఇన్నేళ్లుగా అతని పరీక్ష అదే. ముందు కొంగ కాళ్లు పోయాయి. అక్కడితో ఆగి ఉండొచ్చు. తల దాకా రుద్దాడు.

"నకిలీదే అక్కా. బావ మోసపోయాడో, నీ దగ్గర కోతలు కోశాడో."

ఆ జగ్గు మళ్లీ అలమారలోకి వెళ్లలేదు.

ఏడాది తిరిగాక, మూతపడిన ఒక హోటలు సామాను కొన్నాడు. పళ్లాల అడుగున అదే కొంగ. ఒకదాన్ని రుద్దితే పోయింది. నకిలీవని పక్కన పడేస్తుంటే హోటలు గుమాస్తా ఆపాడు.

"ఫ్యాక్టరీకి వెళ్లి నేనే తెచ్చాను బాబూ. ఆ ఫ్యాక్టరీ మూసేసే ముందు రోజుల్లో వాళ్లు ముద్ర పూత పైనే వేసేవాళ్లు. మేమెవరమూ రుద్దలేదు కాబట్టి ఉంది."

ఆ సాయంత్రమే ఒక పళ్లెం తీసుకుని అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె పెరట్లో ఆ జగ్గుతోనే మొక్కలకు నీళ్లు పోస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాడు. అక్క పళ్లెం తిప్పి కొంగను చూసింది. జగ్గు తిప్పి చూసింది.

"దీనికి లేదుగా."

"నేనే తుడిచేశానక్కా. బావ చెప్పింది నిజమే."

"పోయినవాడి మీద ఇప్పుడు జాలేసిందా?"

"జాలి కాదు. నిజంగానే చెబుతున్నా."

"ఆ రోజూ అలాగే చెప్పావురా" అంది అక్క, కోపం లేకుండా. మిగిలిన నీళ్లు పోయడానికి లేచింది.