తాతయ్య పెట్టిన వాత

నా చిన్నప్పుడు మా ఊళ్లో కామెర్లకు ఒకటే మందు, వాత. పసుపు కొమ్మును దీపానికి పెట్టి, కొస నిప్పుగా రాజుకోగానే రోగి మణికట్టు మీద చురుక్కుమనిపించేవాళ్లు. మాది అల్లూరు అవతల, సముద్రం ఒడ్డున పడవలున్న ఊరు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆ వాత పెట్టేది మా తాతయ్యే. పెట్టించుకున్నవాళ్లు పోయొస్తామని చెప్పకూడదు, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. అది ఆ వైద్యానికి కట్టుబాటు.

ఒక ఏడు నాకే కామెర్లు తగులుకున్నాయి. ఒళ్లంతా ఒకటే దురద. కూర్చోలేను, పడుకోలేను. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోంచి వసారాలోకి, వసారాలోంచి ఇంట్లోకి తిరిగేదాన్ని. తర్వాత ఆ ఓపికా పోయింది. తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవలేదు, పిలిస్తే పలకడం తగ్గిపోయింది. నాన్న వేటకు వెళ్లి సముద్రం మీద ఉన్నాడు. అమ్మ నన్ను కావలి ఆసుపత్రికి తీసుకెళతానని మొత్తుకుంది. మా నాయనమ్మ ఒప్పుకుంటేనా! కామెర్ల ఒంట్లో సూది దిగితే ప్రాణం పోతుందని ఆవిడ నమ్మకం. వాత పడకుండా పిల్ల గడప దాటేది లేదని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆవిడకు ఎదురు చెప్పే మొనగాడు మా ఊళ్లో లేడు.

వాత పెట్టించుకున్న పిల్లలు గిలగిల తన్నుకోవడం నేను చాలాసార్లు చూసి ఉన్నాను. ఎప్పుడూ చిటికెలో పని ముగించే తాతయ్య ఆ రోజు మాత్రం ఎంతకీ తెమల్లేదు. దీపం వెలిగించాడు, ఆర్పేశాడు. పెరట్లోకి పోయి వల సర్దాడు, మళ్లీ వచ్చాడు. నాయనమ్మ గసిరింది. నాకైతే ఆయన మీద ఒళ్లు మండిపోయింది. పెట్టేదేదో పెట్టి పారేయక ఈ నాన్చుడేమిటి అనిపించింది.

చివరికి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అందరికీ వీపు తిప్పాడు. ఎడమ చేతి బొటనవేలు నా మణికట్టు మీద అదిమిపెట్టాడు. కొమ్ము కొస ఎర్రబడ్డాక నా చెవి దగ్గరికి వంగాడు.

"అరువు తల్లీ, గట్టిగా అరువు."

చర్మం కాలిన కమురు వాసన వచ్చింది. నాకు చురుక్కుమనలేదు. తల వంచి చూస్తే నిప్పు ఆయన బొటనవేలి మీద ఉంది. అప్పుడు అరిచాను, ఎవరూ చెప్పక్కర్లేకుండానే. ఆయన పళ్లు బిగబట్టి నా మణికట్టుకు పసుపు గుడ్డ చుట్టేసి లేచాడు.

"వాత పడింది. ఇంక సూది మందు పడతాది. పొద్దు కుంకేలోపల పిల్లని పొలిమేర దాటించి సూది ఏయించాల. లేదంటే వాత ఎదురు తిరగతాది" అన్నాడు.

అలాంటి పథ్యం నాయనమ్మ ఎన్నడూ విని ఉండదు. అయినా వాత పెట్టిన మనిషే చెప్పాక కాదనలేకపోయింది. తనే గబగబా మూట కట్టి ఇచ్చింది.

బస్సులో అమ్మ కునికిపాట్లు పడుతుంటే నేను తాతయ్య వేలి మీది బొబ్బనే చూస్తూ ఉన్నాను. ఎందుకిలా చేశావని అడిగాను. ఆయన మెల్లగా చెప్పాడు. ఆ విద్య వాళ్ల తాత ఉప్పుచేపల బండ్లు తోలేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. వాళ్లు పెట్టేది ఎద్దులకట. కీలెరిగి వాత పెట్టాలంటారు, ఎద్దు కీలు చూసి నేర్చిన వాత మనుషుల మీదికి వచ్చి కూర్చుంది.

"తగ్గినోళ్లు మళ్లీ వచ్చి దండం పెట్టినారు. తగ్గనోళ్లు రాలా. అందరికీ తగ్గిందనుకున్యా" అన్నాడు.

మరి ఆ మాట నాయనమ్మకు చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన అమ్మ నిద్రపోతోందా అని చూసి నా వైపు వంగాడు. నాకొక మేనత్త ఉండేదనీ, చిన్నప్పుడే పోయిందనీ తెలుసు గాని ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు.

"మీ అత్తకీ కామెర్లే. మీ నాయనమ్మ దాని చెయ్యి పట్టుకునింది, నేను పెట్టినా. అది ఉత్తదని ఇప్పుడు చెప్తే, ఆమె ఎట్లా బతకతాదమ్మా?"

నేను బతికి ఇంటికొచ్చాను. మచ్చ ఏదని నాయనమ్మ వెతికితే, చిన్నపిల్ల చర్మం కదా, మానిపోయిందన్నాడు తాతయ్య. ఆ తర్వాత ఎవరొచ్చినా చెయ్యి వణుకుతోందని చెప్పి కావలి పంపించేవాడు. నాయనమ్మ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మా ఆయన వాతే ఈ పిల్లని బతికించిందని మురిసిపోతూ చెప్పేది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనేవాళ్లు. అలాంటి నేను ఆవిడ పోయేదాకా "అవును నాయనమ్మా" అంటూనే వచ్చాను.

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, ఆ ఆకు నూరి పొయ్యండి, ఈ పసరు పిండండి అని ఒకటే గోల. నాకు కోపం నషాళానికి అంటుతుంది. ముందు పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లండని ఇరుగుపొరుగుతో పోట్లాడతాను, అవసరమైతే నేనే ఆటో పిలుస్తాను. కానీ మీ నమ్మకం ఉత్తదని ఎవరి మొహం మీదా అనలేను. దాన్ని నమ్మి ఏ తల్లి ఏ బిడ్డ చెయ్యి పట్టుకుందో నాకేం తెలుసు?