లిఫ్టులో పాడిన పాట

గనులు సర్కారు చేతికి వచ్చాక కూడా మా కోరమండల్ బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లలో శనివారం భజన మానలేదు. ఆ మేళానికి పెద్దగొంతు మా నాన్న. పగలు గనిలో రాయి తొలిచేవాడు, సాయంత్రం పాడేవాడు. ఏళ్ళ తరబడి పీల్చిన రాతిదుమ్ము ఛాతీలో చేరి, అప్పటికే చరణం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఏడు బెంగుళూరులో దేశదేశాల పాటల పోటీ పెట్టి, మా జిల్లా తరఫున మా మేళాన్ని పిలిచారు. ఇంకో ఏడాదికి ఆ గొంతు ఉంటుందో లేదోనని, ఈసారి ఎలాగైనా నాన్న వేదిక ఎక్కాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది.

తెల్లవారుజామున బండెక్కాం. ఏడుగురు మగవాళ్ళు, శ్రుతిపెట్టెతో నేను. అందరివీ ఇస్త్రీ పంచెలు. వాటికి చిత్రాన్నం పసుపు అంటకుండా కాపాడడం నా ఉద్యోగం. బంగారుపేట రాకముందే ఓడిపోయాను. మద్దెల వాయించే మామ పంచె మీద ఊరగాయ నూనె కూడా చేరింది. "దూరానికి పూలమాదిరి కనబడుతుందిలే" అన్నాడు.

పోటీ నాలుగో అంతస్తులో. గుమ్మంలో ఉన్న మనిషి లిఫ్టు చూపించి, పది నిమిషాల్లో మీ వంతు, పైకి వెళ్ళండి అన్నాడు. ఎనిమిది మందిమీ ఎక్కాం. తలుపు మూసుకుంది. ఏడుగురూ భుజాలు ఆనించి, చేతులు ముడుచుకుని, గనిలోకి దిగే కేజ్‌లో నిలబడ్డట్టే నిలబడ్డారు. కేజ్‌లో లోపలివాళ్ళు దేన్నీ ముట్టకూడదు. బయటి మనిషి గంట కొట్టాలి, అప్పుడే అది కదలాలి. తొందరపడితే అందరి ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి అందరూ గంట కోసం ఎదురుచూశారు.

నేను కాలేజీ టూరులో లిఫ్టు ఎక్కినదాన్నే. అంకెల గుండీలు నా మోచేతి పక్కనే ఉన్నాయి. వీళ్ళు ఎంతసేపు ఇలా నిలబడతారో చూద్దామని నోరు మూసుకుని, శ్రుతిపెట్టె వెనుక మొహం దాచుకుని నవ్వుకున్నాను.

"గంట కొట్టేవాడు యాడికి పోయినాడో" అన్నాడు మద్దెల మామ.

"టీ తాగను పోయింటాడు. మన గని షాఫ్టులో మాత్రం పోరా?" అన్నాడు తాళాలు వాయించే ఆయన.

"ఇంగ ఊరికే నిలబడేది ఎందుకప్పా, ఒకసారి పాడుకుందాం" అన్నాడు నాన్న.

పాడాడు. ఆ ఇరుకులో ఆయన గొంతు గోడలకు తగిలి పాత బలంతో తిరిగి వచ్చింది. రెండుసార్లు ఊపిరి అందక ఆగాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. వింటూ నేను నవ్వడమూ మరిచిపోయాను, గుండీ సంగతీ మరిచిపోయాను. చివరికి పైన ఎవరో నొక్కితే లిఫ్టు కదిలింది. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఎర్ర గౌన్లలో పరదేశపు పాటగత్తెలు. నాన్న ఆపలేదు. మూసుకోబోయిన తలుపుకు వాళ్ళలో ఒకామె కాలు అడ్డం పెట్టి, పల్లవి అయ్యేదాకా అలాగే నిలబడింది. తరువాత అందరూ చప్పట్లు కొట్టారు.

వేదిక దగ్గర మమ్మల్ని మూడుసార్లు పిలిచి, జాబితాలోంచి కొట్టేశారట. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

తిరుగుబండిలో నాకు ఏడుపు ఆగలేదు. నా వేళాకోళం వల్ల నాన్నకు ఉన్న ఒక్క అవకాశమూ పోయింది. అమ్మ మొహం ఎలా చూడాలి? తట్టుకోలేక, తెలిసి కూడా గుండీ నొక్కలేదని నాన్నకు చెప్పేశాను.

ఆయన మిగతావాళ్ళ వైపు చూశాడు. అందరూ కునుకు తీస్తున్నారు.

"లిఫ్టులో మనకన్నా ముందు పైకి పోయినోడు గుండీ వత్తేది నేనూ చూసినాను పాపా" అన్నాడు. "అంతమంది ముందర దమ్ము నిలిచిపోతాదేమోనని భయమైంది. నువ్వు యాడ వత్తేస్తావోనని నీ చెయ్యే చూస్తా నిలబడినాను."