దేవుని దయ వల్ల మంచిగున్న

నాకు కుదురు తక్కువ. కూర్చుంటే కాలు ఆడుతుంది, ఫోన్ వస్తే ఇల్లంతా తిరుగుతాను. "జర ఒక్కకాడ కూసోరాదు?" అని అమ్మ ఎప్పుడూ విసుక్కునేది. బీమా గొడవ జరిగిన ఏడాది మాత్రం ఆమె ఆ మాట అనలేదు. ఆమెకూ ఒక్కచోట నిలువబుద్ధి కాలేదు.

కొత్తకోటలో హైవే పక్కన ట్రాక్టర్ల షోరూంలో నేను లెక్కలు రాస్తాను. జీతం కొంచెం పెరిగాక మా తెల్లకార్డు పోయింది. అంటే ఎవరికి జబ్బు చేసినా దవాఖాన ఖర్చు మాదే. ఈ ఫికరు నాకంటే అమ్మకే ఎక్కువ. ఊహ తెలిసినప్పటి నుంచి కూలికి పోయి బతికిన మనిషి, నామీద బరువై పడడం ఆమెకు అస్సలు ఇష్టం లేదు.

ఒకరోజు ఫంక్షన్ హాల్లో ముసలివాళ్లకు ఉచిత వైద్య శిబిరమన్నారు. చర్చి ఆడవాళ్లతో కలిసి అమ్మ కూడా పోయింది. బీపీ చూశారు, బరువు చూశారు, ఉప్మా పెట్టారు, తలా ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టారు. ఆఖరికి ఒక అమ్మాయి పక్కన కూర్చుని, "అమ్మమ్మా, అమ్మమ్మా" అంటూ ఆరోగ్య బీమా చేయించింది. హాలు నిండా బీపీ మిషన్లు పెట్టుకుని వాళ్లు వచ్చింది పాలసీలు అమ్ముకోవడానికి! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ తన పొదుపు సంఘం డబ్బులతో కట్టేసింది, నాకు చెప్పలేదు. నాకు తెలిసేసరికి ఆ డబ్బాలో చింతపండు ఉంది.

మరుసటి ఏడాది అమ్మకు పిత్తాశయంలో రాళ్లని మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ చేశారు. మంచం మీద పడుకుని కూడా ఆమె ముఖం వెలిగిపోతోంది. "నువ్వేం ఫికర్ జెయ్యకు కొడకా. నా పాలసీ ఉన్నది గద" అంది. వచ్చేపోయే నర్సులకు కూడా అదే చెప్పింది.

పాలసీ పనికి రాలేదు. ఆమెకు ముందునుంచే షుగరు ఉందని, ఆ నిజం దాచిపెట్టి బీమా తీసుకుందని కంపెనీ కాగితం పంపింది. ఏం రాశారో అమ్మ చదువుమంటే చదివాను.

"నేనా? నేనెవ్వలికి దాసిన? చర్చిల అందరికి ఎర్కనే గద నాకు షుగరున్నదని!"

ఇద్దరం ఆ ఆఫీసుకు పోయాం. అక్కడి ఆయన మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి, పాలసీ ఖాయం చేసేముందు అమ్మకు చేసిన ఫోన్ రికార్డింగు వినిపించాడు. ఒక ఆడగొంతు పుస్తకం భాషలో గడగడా చదువుతోంది: షుగరు, బీపీ, గుండెజబ్బు, మూత్రపిండాలు, ఇంకా ఏవేవో. చదవడం అయిపోయి, "ఇప్పుడు మీ ఆరోగ్యం బాగుందా అమ్మా?" అంది.

అమ్మ గొంతు ఎంత సంబరంగా పలికిందో! "దేవుని దయ వల్ల మంచిగున్న బిడ్డా. నువ్వు తిన్నవా?"

ఆ పిల్ల ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేసింది.

"విన్నారు కదా సార్, జబ్బేమీ లేదన్నారు" అన్నాడాయన.

"లేదని యాడన్నది సార్? మంచిగున్న అన్నది!"

"రెండూ ఒకటే కదా."

ఒకటి కాదని ఆయనకు ఎట్లా చెప్పాలి? మా దగ్గర ఎవరు పలకరించినా, గ్లూకోజు ఎక్కుతున్న మనిషి కూడా అదే మాట అంటాడు. ఇంకో రకంగా అంటే దేవుడి మీద చాడీ చెప్పినట్టు. నేను కుర్చీలోంచి లేచి అరవడం మొదలుపెట్టాను. అమ్మ నా చేయి పట్టి బయటికి లాక్కొచ్చింది.

బిల్లు ఏదో తిప్పలు పడి నేనే కట్టాను. అమ్మ బాధ దాని గురించి కాదు. మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్తారు. లేచి నిలబడి, వారమంతా దేవుడు ఎట్లా కాపాడాడో నలుగురికీ చెప్పాలి. ఎప్పుడూ అందరికంటే ముందు లేచేది మా అమ్మే. అట్లాంటిది లేవడం మానేసింది. "అబద్దాలదని కాయిదం మీద రాసిన్రు. ఇంక ఏ మొఖం పెట్టుకొని నిలవడాలె?" అంది.

అట్లా నెలలు గడిచాక ఒకనాడు పేపర్లో వార్త చూశాను. ముసలివాళ్లకు ఆరోగ్య బీమా ఎట్లా అమ్మాలో ఒక చట్టం తేవాలనుకుంటున్నారట. బహుమానాలు ఇచ్చి అమ్మకూడదు, ఉత్త ఫోన్ మీద ఖాయం చేయకూడదు, ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉండాలి. ముసాయిదా మీద ప్రజలు అభిప్రాయాలు రాయవచ్చన్నారు. ఉరికినట్టే ఇంటికి పోయి అమ్మకు చదివి వినిపించాను.

"గా చట్టమొస్తే నా మీద రాసింది కొట్టేస్తరా?"

"పాతయాటికి కాదటనే. ఇగ ముందు చేసేటోళ్లకు."

ఆమె చాట ముందుకు లాక్కుని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అయినా రాశాను. నాలుగు మాటలు రాయడం, లేచి వాకిట్లో తిరగడం, మళ్లీ రాయడం. మా పెద్దవాళ్లు మంచిగున్న అంటే అది పలకరింపుకు బదులే, జబ్బు లేదని కాదు, ఒక్కొక్క జబ్బు పేరూ చెప్పి, ఆగి, వాళ్ల మాటలో మళ్లీ అడగండి అని రాసి పంపాను. జవాబు రాలేదు. ఆ చట్టం ఎక్కడిదాకా వచ్చిందో పేపర్లో ఇప్పటికీ వెతుకుతూనే ఉంటాను.

పంపిన తర్వాతి ఆదివారం చర్చిలో, అందరి సాక్ష్యాలూ అయిపోయాక అమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. నా కాలు ఆడడం ఆగిపోయింది.

"దేవుని దయ వల్ల..." అని ఆగింది. తర్వాతి మాట అందరికీ తెలుసు కాబట్టి ఆమెన్ అనడానికి తయారుగా ఉన్నారు.

"దేవుని దయ వల్ల నాకు షుగరున్నది. బీపీ ఉన్నది. పొద్దుగాల ఒక గోళి, మాపటికి ఒక గోళి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ అటు తిరిగి చూసింది.

"ఇన్నరు గద అందరు? రేపు ఎవ్వలన్న వచ్చి అడిగితే, దాసలేదని చెప్పుండ్రి."